పాటలు రికార్డు చేసే కంప్యూటర్‌లో ప్రాసెసర్ పవర్ సెట్టింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో నాది ఒక గది స్టూడియో. బతుకమ్మ పాటల కాలం దగ్గరపడగానే ఫోన్లు మొదలవుతాయి. దేవరకొండ నుంచి, జడ్చర్ల నుంచి, గద్వాల నుంచి, అచ్చంపేట నుంచి. మనుషులు వేరు, కంగారు ఒకటే: "పాట మధ్యలో చిటపటమంటోంది, పవర్ సెట్టింగుల్లో ఏం మార్చాలి?" ఒకే జవాబు పదే పదే చెప్పి అలసిపోయి ఇది రాసి పెట్టాను. మీ ప్రశ్న ఎక్కడ కనిపిస్తే అక్కడే చదవండి, ముందు నుంచి చదవనక్కర్లేదు. ఎక్కువ భాగం విండోస్ గురించే, నా దగ్గరకు వచ్చే కంప్యూటర్లు చాలావరకు అవే కాబట్టి.

## ఏదీ మార్చక ముందు

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 20 శాతమే చూపిస్తోంది. అయినా పాట ఎందుకు తెగుతోంది?

ఆ 20 శాతం సగటు. మీ ప్రాసెసర్‌లో 8 కోర్లు (విడివిడిగా పని చేసే భాగాలు) ఉన్నాయనుకోండి, ఒక కోర్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లలో (రివెర్బ్ వంటి ధ్వని మార్పులు చేసే చిన్న సాఫ్ట్‌వేర్లలో) ముందుదాని పని పూర్తికాకుండా వెనుకది మొదలవదు. అందుకే ఆ వరసంతా ఒకే కోర్ మోయాలి. మాస్టర్ ట్రాక్ మీద ఎనిమిది ప్లగిన్లు పేర్చే అలవాటున్నవారికి ఈ బాధ మరీ ఎక్కువ.

ఇక గడువు సంగతి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (ముందుగా సిద్ధం చేసి ఉంచే ధ్వని నిల్వ) పెడితే, పాటలో తర్వాతి ముక్క ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒకసారి సిద్ధం కావాలి. అంటే సెకనుకు 375 గడువులు. 374 సార్లు సమయానికి అందించి ఒక్కసారి ఆలస్యమైతే, చెవికి వినిపించేది ఆ ఒక్కటే. సగటులో అది కనిపించదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత మీటర్ ఉంటుంది, దాన్ని నమ్మండి.

ప్రాసెసర్ "నిద్రపోతుంది" అంటున్నారు. అంటే ఏమిటి?

ఇంటి మీద నీళ్ల ట్యాంకు, కింద బోరు మోటారు ఊహించుకోండి. కుళాయిలో ధార తెగకూడదు, అది మీ పాట. ట్యాంకు బఫర్, మోటారు ప్రాసెసర్. ట్యాంకు పెద్దదైతే మోటారు కాస్త ఆలస్యంగా అందుకున్నా ధారకు ఏమీ కాదు. ట్యాంకు బిందెడే అయితే, స్విచ్ వేశాక నీళ్లు పైకెక్కే ఆ కాసేపట్లోనే కుళాయి ఎండిపోతుంది.

ప్రాసెసర్ రెండు రకాలుగా కరెంటు ఆదా చేస్తుంది. పని తక్కువైతే వేగమూ వోల్టేజీ తగ్గించుకుంటుంది, వీటిని పీ-స్టేట్స్ అంటారు. పనే లేకపోతే కోర్‌లో కొన్ని భాగాలను ఆపేసి పడుకుంటుంది, ఇవి సీ-స్టేట్స్. సీ0 అంటే మెలకువ, సీ1 కునుకు, సీ6 గాఢనిద్ర. గాఢనిద్ర నుంచి లేవడానికి పదుల నుంచి వందల మైక్రోసెకన్ల వరకు పడుతుంది. 2.67 మిల్లీసెకన్ల గడువులో అది ఒక్కటీ పెద్ద నష్టం కాదు. దానికి వైఫై డ్రైవరు (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఆలస్యమో, గ్రాఫిక్స్ డ్రైవరు ఆలస్యమో తోడైనప్పుడే ధార తెగుతుంది. పాటకు కావలసింది బలమైన ప్రాసెసర్ కన్నా పిలిస్తే వెంటనే పలికే ప్రాసెసర్. పవర్ సెట్టింగుల వ్యవహారమంతా ఇదే.

తప్పు పవర్ సెట్టింగుదా, వేడిదా, డ్రైవరుదా? ఎలా తెలుస్తుంది?

సెట్టింగుల జోలికి వెళ్లే ముందు అరగంట దీనికి కేటాయించండి. చాలామంది ఈ అరగంట మిగుల్చుకోబోయి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ముందుగా, చిటపట వచ్చిన చోటు నుంచి మళ్లీ వినండి. ప్రతిసారీ అదే చోట వస్తే అది ఫైల్‌లోకి ఎక్కేసిన శబ్దం. రికార్డు చేసేటప్పుడే తెగింది, లేదా మైకే చిటపటలాడింది. ఎండాకాలంలో గదిలో నీళ్ల కూలర్ పెట్టి కండెన్సర్ మైక్ వాడేవారు గమనించాలి. తేమ పట్టిన కండెన్సర్ మైక్ అచ్చం కంప్యూటర్ తెగినట్టే చిటపటమంటుంది. దానికి ఏ పవర్ సెట్టింగూ మందు కాదు.

విన్న ప్రతిసారీ వేరే చోట వస్తే అది కంప్యూటర్ పనే. అప్పుడు ఎప్పుడు వస్తోందో చూడండి. పాట మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాల దాకా బాగుండి తర్వాత మొదలైతే వేడి. ఛార్జర్ తీసినప్పుడే వస్తే బ్యాటరీ సెట్టింగులు. ఒకటి రెండు ట్రాకులే ఉన్న తేలిక పాటలో కూడా అప్పుడప్పుడు ఒక్క 'టక్' వినిపిస్తే నిద్ర స్థితులో, డ్రైవర్లో. వైఫై ఆపగానే పోతే ఇక వెతకనక్కర్లేదు. బరువైన చరణంలో మాత్రమే వస్తే పని నిజంగానే ఎక్కువైంది, బఫర్ పెంచండి.

చివరగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, పాట నడుస్తుండగా 'స్పీడ్' అంకె చూడండి. పక్కనే 'బేస్ స్పీడ్' ఉంటుంది. బరువైన పాట నడుస్తున్నా స్పీడ్ అంకె బేస్ కన్నా కిందే ఉండిపోతే ప్రాసెసర్‌ను ఎవరో పట్టి ఆపుతున్నారు. ఆ ఎవరో వేడి కావచ్చు, ఛార్జర్ కావచ్చు, పవర్ ప్లాన్ కావచ్చు.

ఛార్జర్ పాడైతే బజారులో దొరికిన ఇంకొకటి కొన్నాను. దానికీ పాట తెగడానికీ సంబంధం ఉంటుందా?

ఉంటుంది, పైగా చాలామందికి తట్టని కారణం ఇదే. 65 వాట్లు అడిగే ల్యాప్‌టాప్‌కు 45 వాట్ల ఛార్జర్ పెడితే బ్యాటరీ నిండుతుంది, లైటు వెలుగుతుంది, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ లోపల ప్రాసెసర్‌కు కళ్లెం పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ కంపెనీ ఛార్జర్‌ను గుర్తుపట్టలేకపోతే వేగాన్ని అట్టడుగుకు దించేస్తాయి.

సూర్యాపేట నుంచి ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చాడు. నేను పూటంతా ప్లాన్లు మార్చాను, బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగులు) తిరగేశాను, డ్రైవర్లు వేశాను. స్పీడ్ అంకె 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర గడ్డకట్టినట్టు కూర్చుంది. సాయంత్రం టీ తాగుతూ అడాప్టర్ తిప్పి చూస్తే వాట్లు సగమే. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా నేను మొదట చూసేది అడాప్టర్ వెనుక రాతే.

## విండోస్ సెట్టింగులు

బ్యాలెన్స్‌డ్, హై పర్ఫార్మెన్స్, పవర్ సేవర్: మూడింట్లో ఏది పెట్టాలి?

రికార్డింగ్ వేళ హై పర్ఫార్మెన్స్, మిగతా వేళ బ్యాలెన్స్‌డ్. పవర్ సేవర్‌తో పాటల పని వద్దు. బ్యాలెన్స్‌డ్‌లో ప్రాసెసర్ పనిని చూసి వేగం పెంచుతుంది; హై పర్ఫార్మెన్స్‌లో కనీస వేగమే 100 శాతం దగ్గర ఉంటుంది, కొన్ని కోర్లకు పని ఇవ్వకుండా పక్కన పెట్టడమూ ఉండదు. ఒక సంగతి గుర్తుంచుకోండి: హై పర్ఫార్మెన్స్ సీ-స్టేట్స్‌ను ఆపదు. అది వేగం తగ్గకుండా చూస్తుందే కానీ నిద్రపోవద్దని చెప్పదు.

కొత్త ప్రాసెసర్లలో ఈ రెండు ప్లాన్ల మధ్య తేడా తగ్గింది. ఇంటెల్ 2015లో స్కైలేక్‌తో తెచ్చిన స్పీడ్ షిఫ్ట్ వల్ల వేగం మార్చే నిర్ణయం విండోస్ చేతి నుంచి చాలావరకు ప్రాసెసర్ చేతికే వెళ్లింది. అది చాలా త్వరగా స్పందిస్తుంది. అంతకుముందు నాటి కంప్యూటర్ వాడేవారికి ప్లాన్ మార్చగానే తేడా తెలుస్తుంది; నిరుడు కొన్నవారికి తెలియకపోవచ్చు. తెలియలేదంటే మీరు తప్పు చేశారని కాదు.

అన్నా, నా కొత్త ల్యాప్‌టాప్‌లో బ్యాలెన్స్‌డ్ ఒక్కటే కనిపిస్తోంది. మిగతావి ఏమయ్యాయి?

మోడర్న్ స్టాండ్‌బై (ఫోనులా సగం మేలుకుని నిద్రపోయే పద్ధతి) ఉన్న ల్యాప్‌టాప్‌లలో మామూలుగా అదొక్కటే చూపిస్తారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ తెరిస్తే పవర్ మోడ్ ఉంటుంది. దాన్ని బెస్ట్ పర్ఫార్మెన్స్ చేయండి. వీటికి తోడు ల్యాప్‌టాప్ కంపెనీవారి సొంత సాఫ్ట్‌వేర్‌లో సైలెంట్, పర్ఫార్మెన్స్ వంటి మోడ్లు ఉంటాయి. ప్రాసెసర్‌కు ఎన్ని వాట్లు ఇవ్వాలో ఆ మోడ్లే తేలుస్తాయి కాబట్టి, చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ ప్లాన్ కన్నా వాటి మాటే చెల్లుతుంది. సైలెంట్‌లో ఉంచి విండోస్‌ను ఎంత బతిమాలినా లాభం లేదు.

అల్టిమేట్ పర్ఫార్మెన్స్ పెడితే ఇంకా బాగుంటుందా?

2018లో విండోస్ 10కు వచ్చిన ప్లాన్ ఇది, పెద్ద వర్క్‌స్టేషన్ల కోసం. హై పర్ఫార్మెన్స్‌కు దీనికి పాటల పనిలో నాకు ఎప్పుడూ తేడా వినిపించలేదు. ల్యాప్‌టాప్‌లో పెడితే ఫ్యాను మాత్రం వినిపిస్తుంది.

అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగుల్లో చాలా ఉన్నాయి. నిజంగా మార్చాల్సినవి ఏవి?

నాలుగు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మీ ప్లాన్ పక్కన ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దాని కింద అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లండి.

యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను డిసేబుల్ చేయండి. నాలుగింటిలో నేను ముందుగా మార్చేది ఇదే. మీ సౌండ్ కార్డు, అంటే బయట పెట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, యూఎస్‌బీ మీదే నడుస్తోంది, ఆ పోర్టుకు కునుకు పట్టకూడదు. దీనితోపాటు డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో 'పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపనివ్వు' అన్న టిక్ తీసేయండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మినిమం ప్రాసెసర్ స్టేట్ 100. స్లీప్, హార్డ్ డిస్క్ ఆపే సమయం రెండూ 'నెవర్'.

ల్యాప్‌టాప్‌లో ప్రతి సెట్టింగుకూ రెండు గడులు ఉంటాయి, ఆన్ బ్యాటరీ, ప్లగ్డ్ ఇన్. రెండింటిలోనూ ఒకే విలువ పెట్టండి. మన ఊళ్లలో కరెంటు రెప్పపాటు పోయి వస్తుంటుంది. ఆ రెప్పపాటులో విండోస్ బ్యాటరీ సెట్టింగులకు మారి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ మారడంలోనే పాట తెగుతుంది.

మినిమం 100 పెడితే ప్రాసెసర్ త్వరగా పాడవుతుందా?

కాదు. 100 అంటే ఎప్పుడూ పూర్తి పని చేస్తుందని కాదు, పని వస్తే పూర్తి వేగంతో అందుకుంటుందని. గడువుల మధ్య అది కునుకు తీస్తూనే ఉంటుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

అదనంగా 20 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 4.8 యూనిట్లు. గదిలో ఏసీ ముందు ఇది లెక్కలోది కాదు.

ఒక వీడియోలో "ప్రాసెసర్ ఐడిల్ డిసేబుల్" చేయమన్నారు. చేశాక టాస్క్ మేనేజర్ ఎప్పుడూ 100 శాతం చూపిస్తోంది. వైరస్ వచ్చిందా?

వైరస్ కాదు. మీరు ప్రాసెసర్‌ను పడుకోవద్దని ఆదేశించారు, అది పని లేకపోయినా మేలుకుని కూర్చుంది. మంచి కూలర్ ఉన్న డెస్క్‌టాప్‌లో, ఏసీ గదిలో, ఒక్క గంట రికార్డింగ్ కోసమైతే సరే. ల్యాప్‌టాప్‌లో మాత్రం చేయకండి. పుట్టిన వేడికి ప్రాసెసర్ తానే వేగం తగ్గించుకుంటుంది, చిటపట రెట్టింపవుతుంది. ఆ వీడియో తీసినవారి ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో మనకు తెలియదు కదా.

నా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌లో "స్టెయిన్‌బర్గ్ ఆడియో పవర్ స్కీమ్" అని ఉంది. టిక్ పెట్టాలా?

పెట్టండి. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉన్నంతసేపు, ధ్వనికి అడ్డొచ్చే పవర్ పొదుపులను ఆపుతుంది. చిన్న బఫర్లతో పనిచేసేవారికి ఉపయోగం. సాఫ్ట్‌వేర్ మూసేశాక మీ పాత ప్లాన్ తిరిగి వస్తుంది కనుక చేతితో మార్చుకునే శ్రమ తప్పుతుంది.

ల్యాటెన్సీమాన్ ఎర్రగా చూపిస్తోంది. ఎన్‌డిస్, ఏసీపీఐ అని ఏవో పేర్లు వచ్చాయి. ఏం చేయాలి?

ఏ డ్రైవరు ఆలస్యం చేస్తోందో చూపే సాఫ్ట్‌వేర్ ల్యాటెన్సీమాన్. ఆ పేర్లే మీ దొంగ ఆనవాళ్లు. ఎన్‌డిస్ లేదా టీసీపీఐపీ అని వస్తే నెట్‌వర్క్, అంటే సాధారణంగా వైఫై. రికార్డింగ్ వేళ ఆపేయండి. ఎన్వీఎల్‌డీడీఎంకేఎం అని వస్తే ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవరు. దాని కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌ను మాగ్జిమం పర్ఫార్మెన్స్ చేసి చూడండి. ల్యాప్‌టాప్‌లో ఏసీపీఐ (పవర్, బ్యాటరీ వ్యవహారాలు చూసే డ్రైవరు) అని వస్తే, డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఉన్న కంట్రోల్ మెథడ్ బ్యాటరీని తాత్కాలికంగా డిసేబుల్ చేస్తే చాలాసార్లు తగ్గుతుంది. అలా చేస్తే బ్యాటరీ శాతం కనిపించదు, ఛార్జర్ ఊడకుండా చూసుకోవాలి. పని అయ్యాక తిరిగి ఎనేబుల్ చేయడం మరవకండి.

పరీక్ష మాత్రం సరిగ్గా చేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పాట నడిపిస్తూ, పని వేళ వాడే పవర్ ప్లాన్‌లోనే కనీసం పది నిమిషాలు నడవనివ్వాలి.

## బయోస్ సంగతులు

బయోస్‌లో సీ-స్టేట్స్ పూర్తిగా ఆపేయమంటారా?

మొదటి రోజే వద్దు. విండోస్‌లో చేయగలిగినవి చేసి, డ్రైవర్లు సరిచేసి, అయినా తేలిక పాటలో 'టక్' వస్తుంటే అప్పుడు ప్రయత్నించండి. ఇంటెల్ బోర్డుల్లో సీ-స్టేట్స్ లేదా ప్యాకేజీ సీ-స్టేట్ లిమిట్ అని ఉంటుంది, ఏఎండీలో గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్. పూర్తిగా ఆపడం కన్నా, లిమిట్ పెట్టే వీలుంటే లోతైన నిద్రను మాత్రం ఆపడం మేలు.

ఎందుకంటే ఇందులో ఒక మెలిక ఉంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక కోర్ తన గరిష్ఠ టర్బో వేగానికి (బేస్ స్పీడ్ కన్నా పైకెక్కే వేగానికి) వెళ్లాలంటే పక్క కోర్లు గాఢనిద్రలో ఉండాలి. అందరినీ మేల్కొలిపి కూర్చోబెడితే ఆ ఒక్క కోర్‌కు అంత వేగం దొరకదు. బరువైన ట్రాక్ ఒకే కోర్ మీద నడుస్తుంది కనుక, మీరు బాగుపరచబోయి నష్టపోయేది సరిగ్గా అక్కడే. అదీకాక చాలా ల్యాప్‌టాప్ బయోస్‌లలో ఈ సెట్టింగే ఉండదు.

టర్బో బూస్ట్ ఆపితే పాట నిలకడగా నడుస్తుందని విన్నాను. నిజమా?

డెస్క్‌టాప్‌లో కాదు. వేడెక్కే ల్యాప్‌టాప్‌లో నిజమే. టర్బోలో ఎగబాకి, వేడెక్కి, కూలబడి, మళ్లీ ఎగబాకే ప్రాసెసర్ కన్నా ఒకే వేగంతో నడిచేది నయం. బయోస్ దాకా వెళ్లనక్కర్లేదు. పవర్ ప్లాన్‌లో మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించితే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో ఆగిపోతుంది. వేగం తగ్గుతుంది కనుక బఫర్ ఒక మెట్టు పెంచుకోవాలి.

12వ తరం ఇంటెల్ కొన్నాను. ఈ-కోర్లు ఆపేయాలా?

2021 చివరలో వచ్చిన ఆల్డర్ లేక్ నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు (ఇవే ఈ-కోర్లు) కలిపి ఇస్తున్నారు. ధ్వని పని చిన్న కోర్ మీద పడితే గడువు తప్పవచ్చు. విండోస్ 11 ఈ పంపకాన్ని విండోస్ 10 కన్నా బాగా చేస్తుంది. ముందు విండోస్ 11కు మారండి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయండి, ఆ తర్వాతే ఆపే మాట. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లలో ఆపాల్సిన అవసరం అరుదు.

## రికార్డింగ్ వేళ

పాడేవారు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వస్తోందంటారు. బఫర్ తగ్గిస్తే తెగుతోంది. మధ్యేమార్గం ఉందా?

ఉంది, అది ప్రాసెసర్‌లో లేదు. మీ సౌండ్ కార్డులో డైరెక్ట్ మానిటర్ అనే బటనో, తిప్పే నాబో ఉంటుంది. దాన్ని వాడితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా కార్డు నుంచే హెడ్‌ఫోన్‌కు వస్తుంది. అప్పుడు బఫర్ 512 పెట్టినా పాడేవారికి తేడా తెలియదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటర్ ఆపేయడం మరవకండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

కంప్యూటర్ గుండా వినక తప్పదంటే, అంటే కీబోర్డు వాయించేటప్పుడో, గిటార్ ప్లగిన్ వాడేటప్పుడో, 48 కిలోహెర్ట్జ్‌లో 128తో మొదలుపెట్టండి. రానూపోనూ ఆలస్యం బఫర్‌కు రెట్టింపు, దానిపైన కార్డు తీసుకునేది కొంత. డప్పు వాయించేవారు గాయకుల కన్నా ముందే ఆలస్యాన్ని పసిగడతారు. దెబ్బ చేతిలో ఒక క్షణం, చెవిలో ఒక క్షణం అయితే వారికి నడక చెడుతుంది. డప్పు, కిన్నెర వంటివి రికార్డు చేసేటప్పుడు హెడ్‌ఫోన్‌లో వాయిద్యం అసలు ఇవ్వకండి, గదిలో నేరుగా వినిపిస్తుంది కదా. ముందే చేసిన సంగీతం ట్రాక్ మాత్రం ఇవ్వండి.

కంప్యూటర్‌లో ఉన్న సొంత సౌండుతో, ఆసియో (తక్కువ ఆలస్యం కోసం చేసిన సౌండ్) డ్రైవరు లేకుండా రికార్డు చేస్తున్నవారు పవర్ సెట్టింగుల గురించి అడగడం మానేసి ముందు చిన్నదైనా ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి. కటువుగా ఉన్నా నిజం.

ఛార్జర్ పెడితే గుయ్‌మని హమ్ వస్తోంది, తీస్తే పోతోంది. తీస్తే మాత్రం పాట తెగుతోంది. ఏం చేయాలి?

రెండు వేర్వేరు రోగాలు ఒకేసారి వచ్చాయి. హమ్ 50 హెర్ట్జ్ కరెంటుది, ఎర్తింగ్ సరిగా లేకపోవడం వల్లో, గ్రౌండ్ లూప్ (పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలవడం) వల్లో వస్తుంది. దానికి పవర్ ప్లాన్‌తో పని లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంత చూపించండి. ఎండాకాలంలో ఆ గుంత ఎండిపోతుంది, ఉప్పు, బొగ్గు వేసినా నీళ్లు పోయకపోతే పనిచేయదు. స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (పవర్ ప్లాన్ పేరు కాదు, హమ్ తక్కువ పట్టే రకం) వాడండి, అన్ని పరికరాలూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి.

అది అయ్యేదాకా గొంతు టేకులు బ్యాటరీ మీద తీయవచ్చు. పవర్ మోడ్‌ను బ్యాటరీలో కూడా బెస్ట్ పర్ఫార్మెన్స్ చేసి, బఫర్ పెంచి, సంగీతమంతా ఒకే స్టీరియో ఫైల్‌గా దించుకుని దాని మీద పాడించండి. ప్లగిన్లు లేని పాటకు బ్యాటరీ మీది ప్రాసెసర్ చాలు.

హమ్ కాకుండా, మౌస్ కదిపినప్పుడల్లా మారే సన్నని కీచు శబ్దమైతే అది కంప్యూటర్ లోపలి కరెంటు చప్పుడు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సీ-స్టేట్స్ ఆపితే అది తగ్గుతుంది.

పాట ఆగిపోయాక సీపీయూ మీటర్ పెరుగుతోంది. నిశ్శబ్దానికి అంత పని ఎందుకు?

రివెర్బ్ తోక సన్నగిల్లుతూ సున్నాకు చేరువైనప్పుడు, ప్రాసెసర్ మరీ చిన్న అంకెలను లెక్కపెట్టాల్సి వస్తుంది. డీనార్మల్స్ అనే ఈ అంకెలు మామూలు వాటికన్నా చాలా నెమ్మదిగా నడుస్తాయి. కొత్త ప్లగిన్లు వాటిని సున్నాగా చుట్టేస్తాయి. పాత, ఉచిత ప్లగిన్లలో ఈ జబ్బు ఇంకా కనిపిస్తుంది. ఏ ప్లగిన్‌దో ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

## మిక్సింగ్ వేళ

మిక్సింగ్‌కు కూడా ఇవే సెట్టింగులు ఉంచాలా?

అవసరం లేదు. మిక్సింగ్‌లో ఎవరూ పాడటం లేదు కనుక బఫర్ 1024 పెట్టుకోండి, 48 కిలోహెర్ట్జ్‌లో 21 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఆ తీరికలో బ్యాలెన్స్‌డ్ ప్లాన్ కూడా హాయిగా నడుస్తుంది. అయినా చాలకపోతే బరువైన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్లతో సహా మామూలు ఆడియోగా మార్చి పెట్టండి. రీపర్, క్యూబేస్ వంటివి రికార్డింగ్‌లో లేని ట్రాకులను ముందుగానే లెక్కకట్టి పెట్టుకుంటాయి, ఆ ఐచ్ఛికాలను ఆపకండి.

## ఎండ, కరెంటు, బయటి ప్రోగ్రాములు

చలికాలంలో బాగా నడిచిన ల్యాప్‌టాప్ ఏప్రిల్ నుంచి మొరాయిస్తోంది. ఏం మారింది?

గది మారింది. ప్రాసెసర్ వేడి గది వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల గదిలో 75కు చేరే ప్రాసెసర్, 42 డిగ్రీల గదిలో అదే పనికి 92కు చేరుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. మేలో నల్గొండ 44, 45 చూస్తుంది; రేకుల పైకప్పు గది అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఇలాంటప్పుడు హై పర్ఫార్మెన్స్ పెట్టడమంటే ఎండలో నడిచేవాడి మీద దుప్పటి కప్పడమే.

ముందు దుమ్ము తీయించండి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక దుమ్ము, హుజూర్‌నగర్ వైపు సిమెంటు దుమ్ము, పాలమూరు ఎర్రమట్టి: ఫ్యాను వెనుక రెక్కల్లో ఏది పేరుకున్నా ఫలితం ఒకటే. మూడు నాలుగేళ్లు దాటితే థర్మల్ పేస్ట్ మార్పించండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి, వెనుక భాగం రెండు వేళ్ల ఎత్తు లేపండి. ఎండాకాలం నాలుగు నెలలు మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 ఉంచండి. సెషన్లు పొద్దున్నే పెట్టుకోండి, గాయకుల గొంతు కూడా అప్పుడే బాగుంటుందనేది నా అనుభవం, కొందరు ఒప్పుకోరు.

కూలర్ గాలి నేరుగా కంప్యూటర్ మీదికి కొట్టేలా పెట్టవద్దు, తుంపర్లు పడతాయి.

పొలాల్లో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. ప్రాసెసర్ అందుకే నెమ్మదిస్తోందా?

లేదు. ల్యాప్‌టాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల మధ్య దేనితోనైనా ఒకేలా పనిచేస్తాయి. లో వోల్టేజీలో గదిలో తిరిగే ఫ్యాను నెమ్మదిస్తుంది, ప్రాసెసర్ నెమ్మదించదు. మరీ పడిపోతే డెస్క్‌టాప్ ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీకి మారుతుంది, అంతే.

ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడు డెస్క్‌టాప్ ఆగిపోతోంది. ఎందుకు?

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాన్లు, లైట్లు తట్టుకుంటాయి, కంప్యూటర్ తట్టుకోదు. యూపీఎస్ మోడ్‌లో ఆ సమయం తగ్గుతుంది. రికార్డింగ్‌కు సైన్ వేవ్ ఇన్వర్టరే కొనండి. స్క్వేర్ వేవ్‌లో కంప్యూటర్ నడిచినా స్పీకర్లలో గరగర వస్తుంది.

గణేశ్ నిమజ్జనానికి ల్యాప్‌టాప్‌తో ట్రాకులు నడుపుతాను. ఏ సెట్టింగులు పెట్టాలి?

అక్కడ ఆలస్యం లెక్కలోకి రాదు, తెగడమే పరువు తీస్తుంది. బఫర్ 1024. స్లీప్ 'నెవర్', మూత మూస్తే 'డూ నథింగ్'. వైఫై, బ్లూటూత్ ఆఫ్, అప్‌డేట్లు వారం పాటు పాజ్. ట్రాలీ మీద ఎండ పడకుండా నీడ కట్టండి. జనరేటర్ ఆగినా బ్యాటరీ మీద అదే వేగంతో నడిచేలా పవర్ మోడ్‌ను రెండు చోట్లా ఒకటే పెట్టండి. ఇంట్లోనే ఛార్జర్ తీసి అరగంట నడిపి చూసుకుని బయలుదేరండి. ఇంకో ఫోనులో అవే పాటలు పెట్టుకుని వెళ్లండి, జనం ముందు రీస్టార్ట్ చేసే బాధ పగవారికి కూడా వద్దు.

## మ్యాక్, లినక్స్, మొదటికి రావడం

మ్యాక్‌లో ఇవన్నీ ఎక్కడ ఉంటాయి?

ఉండవు. 2020లో ఎం1తో మొదలైన యాపిల్ ప్రాసెసర్లలో మీరు ముఖ్యంగా చూడాల్సింది లో పవర్ మోడ్ ఆఫ్‌లో ఉందా అన్నదే. ఆ ప్రాసెసర్లతో వచ్చే మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యాను లేదు కనుక ఎండాకాలంలో ఎక్కువసేపు మిక్సింగ్ చేస్తే నెమ్మదిస్తుంది. ఫ్యాను చప్పుడు మైక్‌లో పడకపోవడం దాని వరం.

లినక్స్‌లో?

సీపీయూ గవర్నర్‌ను (ప్రాసెసర్ వేగం తేల్చే సెట్టింగును) పర్ఫార్మెన్స్‌కు మార్చండి. పాటల వంటి పనుల కోసం తయారైన లినక్స్ రకం ఉబుంటు స్టూడియో వేసుకుంటే రియల్‌టైమ్ అనుమతుల వంటివి చాలావరకు సిద్ధంగా ఉంటాయి.

వీడియోలు చూసి ఏవేవో మార్చేశాను. ఏది మార్చానో గుర్తు లేదు. మొదటికి ఎలా రావాలి?

పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ పేజీ కింద 'రిస్టోర్ ప్లాన్ డిఫాల్ట్స్' బటన్ ఉంటుంది, ప్రతి ప్లాన్‌కు విడిగా నొక్కాలి. బయోస్‌లో 'లోడ్ డిఫాల్ట్స్' లేదా 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' ఎంచుకుని సేవ్ చేయండి. బయోస్‌లో డిస్క్ మోడ్ మునుపు ఎవరైనా మార్చి ఉంటే విండోస్ లేవకపోవచ్చు, కాబట్టి డిఫాల్ట్స్ వేసే ముందు ఆ పేజీలన్నీ ఫోనుతో ఫొటో తీసుకోండి. తర్వాత షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆరదు. ఇక ఒక్కో సెట్టింగు మారుస్తూ, ప్రతిసారీ అదే పాటను అదే బఫర్‌తో పది నిమిషాలు నడిపి, ఏం మార్చారో, తేడా వచ్చిందో లేదో నోటు పుస్తకంలో రాసుకోండి. నా దగ్గరకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా తెండి, అడాప్టర్‌తో పాటు.